మాక్‌ఫర్లేన్ బర్నెట్

సర్ ఫ్రాంక్ మాక్‌ఫర్లేన్ బర్నెట్ (సెప్టెంబరు 3, 1899 - ఆగష్టు 31, 1985) ఆస్ట్రేలియాకు చెందిన సుప్రసిద్ధ వైద్య శాస్త్రవేత్త. 1960లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి పొందాడు. ఆ బహుమతి రోగనిరోధక శాస్త్రంలో చేసిన కృషికి లభించింది. అయితే అంతకు ముందు సుమారు పాతిక సంవత్సరాలపాటు ఈయన ప్రధానంగా పరిశోధించినది ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను. జ్వరము, దగ్గు, ఒళ్ళు నొప్పులతో వచ్చిన రోగి గొంతులో ఉన్నది ఇన్‌ఫ్లుయెంజా వైరసేనా అన్న ప్రశ్నకు ప్రయోగశాలలో సమాధానం చెప్పడానికి, పొదిగిన కోడిగుడ్డును సాధనంగా మలచినవారిలో ఈయన అగ్రగణ్యుడు.

బాల్యం, విద్యాభ్యాసం

బర్నెట్ ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రానికి చెందిన ట్రరాల్గన్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. ఏడుగురు సంతానంలో రెండవవాడు. తండ్రి స్కాట్లాండు నుండి వలస వచ్చి బ్యాంకు మేనేజరుగా స్థిరపడినవాడు. బర్నెట్‌కు పదేళ్ళ వయసులో కుటుంబం టెరాంగ్ అనే ఊరికి మారింది. అక్క మానసిక వైకల్యంతో పుట్టినందున తల్లి సమయమంతా ఆమె సంరక్షణకే సరిపోయేది. బర్నెట్ ఏకాంతప్రియుడిగా పెరిగాడు. చెరువు గట్ల వెంట తిరుగుతూ పెంకుపురుగులను సేకరించి, వాటికి పేర్లు రాసి భద్రపరచడం చిన్ననాటి వ్యాపకం. ఈ అలవాటు జీవితాంతం నిలిచింది. వైరస్‌ను కేవలం రోగకారకంగా కాక, తన బ్రతుకు తాను బ్రతికే ఒక జీవిగా చూసే దృష్టి ఈయన రచనలన్నిటిలో కనిపిస్తుంది. దానికి మూలం ఈ పురుగుల వేటలోనే ఉందని భావించవచ్చు.

ఉపకారవేతనంపై జీలాంగ్ కళాశాలలో చదివి, 1917లో మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో చేరాడు. 1922లో పట్టభద్రుడై, 1924లో ఎం.డి. పూర్తి చేశాడు. నాడీవ్యాధుల వైద్యుడు కావాలని కోరిక ఉన్నప్పటికీ, ముభావంగా ఉండే ఈ యువకునికి రోగుల మంచాల కంటే ప్రయోగశాలే తగినదని పెద్దలు నిర్ణయించారు. ఆ విధంగా మెల్బోర్న్‌లోని వాల్టర్ అండ్ ఎలిజా హాల్ సంస్థలో చేరాడు. మధ్యలో లండన్‌లో గడిపిన కొన్ని సంవత్సరాలు మినహాయిస్తే, 1965లో పదవీ విరమణ చేసేవరకు అదే సంస్థలో ఉన్నాడు.

1925 నుండి లండన్‌లోని లిస్టర్ సంస్థలో బ్యాక్టీరియాలను నాశనం చేసే వైరస్‌లపై (బ్యాక్టీరియోఫేజ్‌లు) పరిశోధించి డాక్టరేటు పొందాడు. 1928లో స్వదేశం చేరి, లిండా డ్రూస్‌ను వివాహమాడాడు.

ఆ ఏడాదే క్వీన్స్‌లాండ్‌లోని బుండాబర్గ్ పట్టణంలో ఘోరం జరిగింది. డిఫ్తీరియా టీకా వేయించుకున్న 21 మంది పిల్లలలో 12 మంది మరణించారు. విచారణలో బర్నెట్ పాలుపంచుకొని, క్రిమినాశకం కలపని టీకా సీసాలో స్టఫిలోకాకస్ క్రిములు పెరిగాయని నిర్ధారించాడు. అంటే దోషం టీకాది కాదు, దానిని భద్రపరచిన తీరుది.

కనబడని క్రిమి

బర్నెట్ కృషి విలువ తెలియాలంటే 1918 నాటి పరిస్థితిని గుర్తు చేసుకోవాలి. ఆ సంవత్సరం ప్రపంచమంతటా వ్యాపించిన ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారిలో ఒక్క భారతదేశంలోనే కోటికి పైగా జనం మరణించారని చరిత్రకారుల అంచనా. మన దేశానికి అది బొంబాయి రేవు ద్వారా వచ్చింది. బొంబాయి రాష్ట్రంతో పోలిస్తే మద్రాసు రాష్ట్రంలో మరణాల రేటు తక్కువే అయినా, ఇక్కడ కూడా లక్షల కుటుంబాలు నష్టపోయాయి.

అంతమందిని చంపినది ఏమిటో అప్పటి వైద్యులెవరికీ తెలియదు. 1892లో రిచర్డ్ ఫైఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త రోగుల కఫంలో ఒక బ్యాక్టీరియాను చూసి, ఫ్లూ జ్వరానికి అదే కారణమని ప్రకటించాడు. పాతికేళ్ళు వైద్యలోకం దానినే నమ్మింది. 1918లో చాలామంది రోగులలో ఆ బ్యాక్టీరియా కనబడకపోవడంతో ఆ నమ్మకం సడలింది. దాని పేరులో మాత్రం ఇన్‌ఫ్లుయెంజా అన్న మాట నేటికీ మిగిలిపోయింది. విద్యార్థులు తరచుగా పొరబడేది ఇక్కడే. హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే అనే బ్యాక్టీరియా వేరు, ఇన్‌ఫ్లుయెంజా వైరస్ వేరు.

మదనపల్లె ప్రాంత పాఠకులు ఇక్కడ ఒక పోలికను గమనించవచ్చు. 1918 నాటికే మదనపల్లె సమీపంలో ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయం ఉంది. క్షయకు కారణమైన క్రిమిని రాబర్ట్ కాక్ 1882లోనే కనుగొన్నాడు కాబట్టి, రోగి కఫాన్ని గాజుపలకపై పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూసి క్షయ ఉందో లేదో చెప్పగలిగేవారు. ఇన్‌ఫ్లుయెంజా రోగి గొంతును అదే సూక్ష్మదర్శినితో ఎంత పరీక్షించినా ప్రయోజనం లేదు. ఆ వైరస్ పరిమాణం మిల్లీమీటరులో పదివేలవ వంతు మాత్రమే. పైగా బ్యాక్టీరియాలాగా మాంసపు రసంలోనో, జిగురు పలకపైనో పెరగదు. దానికి సజీవ కణాలు కావాలి. ఆ సజీవ కణాలను ఎక్కడి నుండి తేవాలి అన్నదే అసలు సమస్య.

ఫెర్రెట్ నుండి గుడ్డుకు

1932లో బర్నెట్ రెండవసారి లండన్ వెళ్ళి, హాంప్‌స్టెడ్‌లోని జాతీయ వైద్య పరిశోధన సంస్థలో చేరాడు. ఆయన అక్కడ ఉన్న కాలంలోనే, 1933లో, విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, ప్యాట్రిక్ లేడ్లా అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను మనుషుల నుండి మొదటిసారిగా వేరుచేశారు. రోగులు గొంతు పుక్కిలించిన నీటిని, బ్యాక్టీరియాలు చొరబడని వడపోతతో వడకట్టి, ముంగిసను పోలిన ఫెర్రెట్ అనే జంతువు ముక్కులో వేయగా దానికి జ్వరం, జలుబు వచ్చాయి. ఒక ఫెర్రెట్ తుమ్మడంతో విల్సన్ స్మిత్‌కే ఫ్లూ సోకింది. ఆయన గొంతు నుండి తీసిన వైరస్ ఆయన పేరులోని పొడి అక్షరాలతో ప్రపంచ ప్రయోగశాలలన్నిటికీ చేరింది. అంతకు రెండేళ్ళ ముందు అమెరికాలో రిచర్డ్ షోప్ పందులలో ఇటువంటి వైరస్‌నే కనుగొన్నాడు.

ఫెర్రెట్ ఉపయోగపడింది కానీ, అది ఖరీదైన జంతువు. దానికి ఇతరత్రా జబ్బు సోకకుండా ఒంటరిగా ఉంచాలి. ఒక్కొక్క రోగి నమూనాకు ఒక్కొక్క ఫెర్రెట్ అంటే పెద్ద ఎత్తున పరీక్షలు జరపడం సాధ్యం కాదు. బర్నెట్ ఆ సమయంలో కెనరీ పిట్టల మశూచి వైరస్‌ను కోడిగుడ్లలో పెంచుతున్నాడు. పొదిగిన గుడ్డులోని పొరపై వైరస్‌లను పెంచవచ్చునని 1931లో అమెరికాకు చెందిన వుడ్రఫ్, గుడ్‌పాశ్చర్ చూపించారు. ఆ ఆలోచన వారిదే. దానిని పదునుపెట్టి, ఎన్నో వైరస్‌లకు అన్వయించి, ఏ ప్రయోగశాలలోనైనా నమ్మకంగా చేయదగిన పద్ధతిగా తీర్చిదిద్దిన ఘనత బర్నెట్‌ది. 1934లో మెల్బోర్న్ తిరిగి వచ్చిన తరువాత ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను గుడ్డులో పెంచడంలో సఫలుడయ్యాడు. 1936లో ఈ విధానాన్ని వివరిస్తూ ప్రచురించిన నివేదిక వైరస్ పరిశోధకులకు చాలాకాలం చేతిపుస్తకంగా ఉపయోగపడింది.

అయితే అప్పటికి గుడ్డులో పెరిగినవి ముందుగా ఫెర్రెట్‌లలో అలవాటుపడిన వైరస్‌లే. రోగి గొంతు నీటిని నేరుగా గుడ్డులో వేసి వైరస్‌ను రాబట్టడం 1940లో గాని సాధ్యం కాలేదు. బర్నెట్ అందుకు గుడ్డులోని పైపొరను వదిలి, పిండం చుట్టూ ఉండే ఉమ్మనీటి సంచిని ఎంచుకున్నాడు. ఉమ్మనీరు పిండం నోటిలోకి, శ్వాసనాళంలోకి, ఊపిరితిత్తులలోకి చేరుతుంది. మనిషి శ్వాసనాళంలో పెరగడానికి అలవాటుపడిన వైరస్‌కు కోడిపిల్ల శ్వాసనాళపు కణాలు దగ్గరి చుట్టాల వంటివి.

పరీక్షా విధానం

జ్వరం మొదలైన తొలి రెండు మూడు రోజులలోనే రోగి చేత గొంతు పుక్కిలింపజేసి ఆ నీటిని సేకరించాలి. ఆలస్యమైతే వైరస్ దొరకదు. దానిలోని బ్యాక్టీరియాలను తొలగించాలి. లేకపోతే అవి గుడ్డును కుళ్ళబెడతాయి. మొదట్లో ఇది వడపోతతో జరిగేది. పెనిసిలిన్ వచ్చిన తరువాత సులభమైంది. సుమారు పది నుండి పదమూడు రోజులు పొదిగిన గుడ్డును చీకటి గదిలో దీపం ముందు పట్టి, పిండం బ్రతికి ఉన్నదో లేదో చూస్తారు. మన పల్లెల్లో పొదిగే కోడి కింద ఉన్న గుడ్లలో మురిగినవాటిని ఏరివేయడానికి పెద్దలు చేసే పనే ఇది. తరువాత పెంకుకు చిన్న రంధ్రం చేసి, సూదితో ఉమ్మనీటి సంచిలోనికి నమూనాను ఎక్కించి, రంధ్రాన్ని మూసి, వెచ్చని పెట్టెలో రెండు మూడు రోజులు ఉంచుతారు.

ఆపై ప్రశ్న, గుడ్డులో వైరస్ పెరిగిందని తెలిసేది ఎలా? దీనికి సమాధానం 1941లో న్యూయార్క్‌లో జార్జ్ హర్స్ట్‌కు దొరికింది. వైరస్ ఉన్న గుడ్డు ద్రవంలో కోడి రక్తం కలిసినప్పుడు ఎర్ర రక్తకణాలు గుత్తులుగా అంటుకోవడం ఆయన గమనించాడు. కెనడాలో మెక్‌లెలాండ్, హేర్ కూడా స్వతంత్రంగా దీనిని కనుగొన్నారు. పరీక్షనాళికలో వైరస్ లేనప్పుడు రక్తకణాలు కిందికి జారి, అడుగున కుంకుమబొట్టులాగా చేరతాయి. వైరస్ ఉంటే అవి ఒకదానికొకటి అంటుకొని అడుగంతా పలుచని పొరలా పరచుకుంటాయి. కంటితో చూసి చెప్పదగినంత తేలిక.

ఇదే పరీక్షను తిరగవేసి రోగి రక్తాన్ని కూడా పరీక్షించవచ్చు. రోగి రక్తరసంలో ఆ వైరస్‌కు విరుగుడు పదార్థాలు ఉంటే, రక్తకణాలు అంటుకోకుండా అవి అడ్డుపడతాయి. జబ్బు మొదట్లో ఒకసారి, కోలుకున్నాక రెండు మూడు వారాలకు మరొకసారి రక్తం తీసి, విరుగుడు పదార్థాలు నాలుగు రెట్లు లేదా అంతకంటే ఎక్కువ పెరిగితే అది ఇన్‌ఫ్లుయెంజాయేనని నిర్ధారిస్తారు. ఈ పద్ధతి రోగి చికిత్సకు ఉపకరించదు, ఎందుకంటే ఫలితం వచ్చేసరికి రోగి లేచి తిరుగుతూ ఉంటాడు. అయితే ఒక ఊరిలో వచ్చిన జ్వరాలు ఏ జాతివో తెలుసుకోవడానికి ఇది ఎంతో విలువైనది.

బర్నెట్ ఈ అంటుకునే క్రియ వెనుకనున్న కారణాన్ని పట్టుకున్నాడు. రక్తకణాలకు అంటుకున్న వైరస్ కొంతసేపటికి తనంతట తానే విడిపోతుంది. అలా విడిపోయిన కణాలకు అదే వైరస్ మళ్ళీ అంటుకోదు. అంటే కణంపై వైరస్ పట్టుకునే కొక్కెం వంటిదేదో ఉంది, దానిని వైరస్ తెంచివేస్తోంది. కలరా క్రిమి నుండి లభించే ఒక ఎంజైము కూడా ఈ పని చేస్తుందని బర్నెట్, సహచరులు 1940ల మధ్యలో కనుగొన్నారు. అదే సంస్థలో పనిచేసిన ఆల్ఫ్రెడ్ గాట్షాక్ తరువాత ఈ చర్య రసాయనిక స్వరూపాన్ని వివరించాడు. నేడు ఫ్లూ రకాలకు పెట్టే హెచ్1ఎన్1, హెచ్3ఎన్2 అనే పేర్లలో హెచ్ అనేది అంటుకునే ప్రోటీనుకు, ఎన్ అనేది తెంచే ఎంజైముకు గుర్తులు. ఆ ఎంజైమును అడ్డుకునే జనామివిర్ అనే మందు 1980ల చివర మెల్బోర్న్‌లోనే రూపొందింది. ఒసెల్టామివిర్ కూడా ఈ కోవకు చెందినదే.

గుడ్డు చూపలేనివి

ఫ్లూ వంటి జ్వరాలన్నీ ఫ్లూ కావు. ఒకే వారంలో ఒకే వీధిలో వచ్చిన దగ్గు జ్వరాలకు వేరువేరు వైరస్‌లు కారణం కావచ్చు. గుడ్డు పద్ధతిలో ఇన్‌ఫ్లుయెంజా చక్కగా దొరుకుతుంది కానీ, జలుబుకు కారణమైన రైనోవైరస్‌లు, పసిపిల్లల ఊపిరితిత్తులను దెబ్బతీసే ఆర్.ఎస్. వైరస్ వంటివి దొరకవు. ఆర్.ఎస్. వైరస్ 1956లో, మానవ కరోనా వైరస్‌లు 1960ల మధ్యలో, మెటాన్యూమో వైరస్ 2001లో వెలుగులోకి వచ్చాయి. అవన్నీ కణజాల పెంపకం వంటి వేరే పద్ధతుల ద్వారా తెలిసినవే. కాబట్టి గుడ్డులో ఏదీ పెరగలేదంటే రోగికి వైరస్ లేదని కాదు, గుడ్డుకు నచ్చే వైరస్ లేదని మాత్రమే అర్థం.

రెండవ లోపాన్ని బర్నెట్ స్వయంగా గుర్తించాడు. రోగి నుండి అప్పుడే తీసిన వైరస్ ఉమ్మనీటి సంచిలో పెరుగుతుంది, కోడి రక్తకణాలకు అంతగా అంటుకోదు. గుడ్ల నుండి గుడ్లకు కొన్నిసార్లు మార్చేసరికి దాని స్వభావం మారి, కోడి రక్తకణాలకు బాగా అంటుకుంటుంది. 1943లో డయానా బుల్‌తో కలిసి ఆయన ఈ మార్పును వర్ణించాడు. పరీక్షించడానికి వాడే సాధనమే పరీక్షింపబడే వస్తువును మార్చివేస్తోందన్నమాట. ఫ్లూ టీకాలలో అధికభాగం ఇప్పటికీ గుడ్లలోనే తయారవుతున్నందున, ఈ మార్పు వలన టీకా వైరస్‌కు, జనంలో తిరిగే వైరస్‌కు పొంతన తగ్గే సమస్య నేటికీ ఉంది.

టీకా ప్రయత్నం

రెండవ ప్రపంచ యుద్ధం మొదలుకాగానే 1918 పునరావృతం అవుతుందని బర్నెట్ భయపడ్డాడు. గుడ్లలో పెంచి బలహీనపరచిన సజీవ వైరస్‌ను ముక్కులోకి చల్లే టీకాను తయారుచేసి, ఆస్ట్రేలియా సైన్యంలో స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారిపై పరీక్షించాడు. మొదట ఆశలు కలిగినప్పటికీ, 1942లో విస్తృతంగా జరిపిన ప్రయత్నంలో టీకా హాని చేయలేదు కాని, రక్షణ కూడా ఇవ్వలేదు. అదే సమయంలో అమెరికాలో థామస్ ఫ్రాన్సిస్, జోనాస్ సాల్క్ చంపిన వైరస్‌తో తయారుచేసిన సూది టీకా విజయవంతమైంది. యుద్ధకాలపు పరిశోధనలో ఇది బర్నెట్‌కు పెద్ద ఆశాభంగం. ముక్కులో చల్లే సజీవ టీకా అనే ఆలోచన మాత్రం చావలేదు. 2009 నాటి స్వైన్ ఫ్లూ తరువాత పూణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ 2010లో విడుదల చేసిన టీకా ఇటువంటిదే.

1957 మహమ్మారి - దక్షిణ భారతం

1944లో బర్నెట్ హాల్ సంస్థకు డైరెక్టర్ అయ్యాడు. అదే ఏడు హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఇవ్వజూపిన ఆచార్య పదవిని కాదని మెల్బోర్న్‌లోనే ఉండిపోయాడు. 1951లో రెండు రకాల ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌లు ఒకే కణంలో చేరితే వాటి లక్షణాలు కలగలసిన కొత్తరకం పుట్టగలదని చూపించాడు. ఇది జరిగిన ఆరేళ్ళకు అటువంటి కలయిక వలన పుట్టిన వైరస్ ప్రపంచాన్ని చుట్టివచ్చింది. అదే 1957 నాటి ఆసియా ఫ్లూ.

ఈ ఫ్లూ మన దేశానికి మద్రాసు ద్వారా వచ్చింది. 1957 మే నెల మధ్యలో సింగపూర్ నుండి మద్రాసు రేవు చేరిన ఓడలో రోగులు ఉన్నారు. నీలగిరి కొండలలోని కూనూరు పాశ్చర్ సంస్థలో ఉన్న ఇన్‌ఫ్లుయెంజా కేంద్రం దీనిని పరిశోధించింది. ఇటువంటి కేంద్రాలలో ఆనాటి ప్రధాన సాధనాలు పొదిగిన గుడ్లు, రక్తకణాల పరీక్షలే. 1958 ఫిబ్రవరి వరకు దేశంలో 44 లక్షలకు పైగా కేసులు, సుమారు 1,100 మరణాలు నమోదయ్యాయి. 1918లో పేరు తెలియక చచ్చిపోయిన జనానికీ, 1957లో వచ్చిన జ్వరం ఏ వైరస్ వలనో తెలిసిన జనానికీ మధ్య గడచినవి నలభై సంవత్సరాలు మాత్రమే. మరణాలు తగ్గడానికి వైరస్ తీవ్రత తక్కువగా ఉండటం, బ్యాక్టీరియా న్యుమోనియాకు మందులు రావడం వంటి ఇతర కారణాలున్నాయి. వైరస్‌ను గుర్తించడమే జనాన్ని కాపాడిందని అనడం సరికాదు.

ఇప్పుడు రోగ నిర్ధారణకు గుడ్ల అవసరం దాదాపు లేదు. తంబళ్లపల్లెలోనో, కుప్పంలోనో జ్వరము, దగ్గు ఉన్న రోగి ముక్కు, గొంతుల నుండి పుల్లతో తీసిన నమూనాను తిరుపతిలోని స్విమ్స్ వంటి వైరస్ ప్రయోగశాలకు పంపితే, ఆర్.టి.పి.సి.ఆర్. పరీక్ష ద్వారా వైరస్ జన్యుపదార్థాన్నే గుర్తించవచ్చు. 2020లో కోవిడ్ సమయంలో ఈ పరీక్ష పేరు ఇంటింటికీ పరిచయమైంది. సజీవ వైరస్ కావలసి వచ్చినప్పుడు, ముఖ్యంగా టీకా తయారీకి, మళ్ళీ గుడ్డు దగ్గరకే వెళ్తారు.

ఇతర పరిశోధనలు

పోలియో వైరస్ ఒకటి కంటే ఎక్కువ రకాలుగా ఉందని 1931లో జీన్ మెక్‌నమారాతో కలిసి చూపించాడు. చిలుకల నుండి మనుషులకు సోకే సిట్టకోసిస్ వ్యాధి ఆస్ట్రేలియా అడవి చిలుకలలో ఉందని కనుగొన్నాడు. 1937లో క్యూ జ్వరానికి కారణమైన క్రిమిని గుర్తించడంలో పాలుపంచుకోగా, ఆ క్రిమికి కాక్సియెల్లా బర్నెటీ అని ఈయన పేరు పెట్టారు. 1951లో కుందేళ్ళను అదుపు చేయడానికి వదిలిన మిక్సోమా వైరస్ వలనే మనుషులకు మెదడువాపు వస్తున్నదని పుకారు లేచినప్పుడు, ఫ్రాంక్ ఫెన్నర్, ఇయన్ క్లూనీస్ రాస్‌లతో కలిసి ఆ వైరస్‌ను తన శరీరంలోకే ఎక్కించుకొని, హాని లేదని నిరూపించాడు.

1957లో సంస్థ దృష్టిని వైరస్‌ల నుండి పూర్తిగా రోగనిరోధక శాస్త్రం వైపు మళ్ళించాడు. ఈ నిర్ణయం అక్కడి వైరస్ పరిశోధకులు కొందరికి రుచించలేదు. శరీరం తనదేదో, పరాయిదేదో పిండదశలో నేర్చుకుంటుందన్న ఊహకు గాను, దానిని ప్రయోగపూర్వకంగా నిరూపించిన పీటర్ మెడావర్‌తో కలిసి నోబెల్ బహుమతి పంచుకున్నాడు. 1957లోనే ప్రతిపాదించిన క్లోనల్ ఎంపిక సిద్ధాంతాన్ని మాత్రం అంతకంటే గొప్పదిగా ఆయన భావించాడు. తరువాతి తరం శాస్త్రజ్ఞుల అభిప్రాయం కూడా అదే.

విమర్శలు

1947లో ఆస్ట్రేలియా రక్షణశాఖకు ఇచ్చిన రహస్య నివేదికలలో, జనసమ్మర్దం గల ఆగ్నేయాసియా దేశాలపై ప్రయోగించదగిన జీవాయుధాల గురించి పరిశోధించాలని బర్నెట్ సలహా ఇచ్చినట్లు చాలాకాలం తరువాత బహిర్గతమైన ప్రభుత్వ పత్రాల ద్వారా తెలిసింది. ఆయన జీవితకథ చెప్పేవారు దీనిని దాటవేయడం న్యాయం కాదు.

అంటువ్యాధుల శకం దాదాపు ముగిసిందని, ఇకపై ఆ రంగంలో పెద్ద విశేషాలేవీ ఉండవని 1970ల మొదట్లో ఆయన వెలిబుచ్చిన అభిప్రాయం కూడా విమర్శకు గురైంది. దశాబ్దం తిరగకముందే ఎయిడ్స్ బయటపడింది. అయితే కొత్త జబ్బు ఏదైనా అనుకోకుండా పుట్టుకురావచ్చునన్న మినహాయింపును ఆయన అప్పుడే చేర్చాడు. ఆ సంగతిని విమర్శకులు తరచుగా విస్మరిస్తారు.

గౌరవాలు, చివరి రోజులు

1951లో సర్ బిరుదు, 1958లో ఆర్డర్ ఆఫ్ మెరిట్, 1959లో రాయల్ సొసైటీ వారి కాప్లీ పతకం లభించాయి. 1960లో ప్రారంభమైన ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్ పురస్కారాన్ని మొట్టమొదట అందుకున్నది ఈయనే. 1965 నుండి 1969 వరకు ఆస్ట్రేలియా విజ్ఞాన అకాడమీకి అధ్యక్షుడిగా ఉన్నాడు. పదవీ విరమణ తరువాత వృద్ధాప్యం, క్యాన్సర్, మానవ స్వభావం వంటి విషయాలపై అనేక పుస్తకాలు వ్రాశాడు. పొగాకు ప్రకటనలను బహిరంగంగా వ్యతిరేకించాడు.

భార్య లిండా 1973లో మరణించింది. 1976లో హేజెల్ జెంకిన్‌ను వివాహం చేసుకున్నాడు. పెద్దప్రేగు క్యాన్సర్‌తో 1985 ఆగష్టు 31న పోర్ట్ ఫెయిరీలో కుమారుని ఇంట మరణించాడు. ప్రభుత్వ లాంఛనాలతో వీడ్కోలు పలికిన అనంతరం, టవర్ హిల్ శ్మశానవాటికలో తాత, నాయనమ్మల సమాధులకు సమీపంలో ఖననం చేశారు. మెల్బోర్న్‌లో ఈయన పేరిట బర్నెట్ సంస్థ 1986లో ఏర్పడింది.